జాకెట్టు కొలతలో ముందే తెలిసిన ఫ్రాక్చర్: స్టెరాయిడ్ వాడుతున్న పేషెంట్‌లో టీ-స్కోరును నమ్మి నేను చేసిన పొరపాటు

ఆమెకు 54 ఏళ్ళు. సూర్యాపేట అవతల ఒక ఊళ్ళో ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్ళవాతం) బయటపడి మూడేళ్ళయింది. నెలసరి ఆగి ఆరేళ్ళు. మనిషిని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. నేను పొరపాటు పడ్డ చోట్లు మాత్రం మార్చలేదు.

మొదటిసారి ఆగస్టులో వచ్చింది, చేతిలో ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ రిపోర్టుతో. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కొడుకు ఏదో హెల్త్ ప్యాకేజీలో అమ్మకు కూడా చేయించాడట. నడుము వెన్నెముక టీ-స్కోరు (వయసులో ఉన్న ఆరోగ్యవంతుల ఎముక సాంద్రతతో పోల్చి చెప్పే అంకె) మైనస్ 1.8, తుంటి దగ్గర మైనస్ 1.6. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో పెట్టిన లెక్క ప్రకారం మైనస్ 2.5కి చేరితేనే ఆస్టియోపోరోసిస్, అంటే ఎముకలు గుల్లబారే జబ్బు. ఈ అంకెలు అంత దాకా పోలేదు. రిపోర్టు అడుగున "ఆస్టియోపీనియా" అని అచ్చయి ఉంది.

"ఏమేం మందులు వాడుతున్నారమ్మా?" అని అడిగాను.

"ఒక చిన్న గోలీ సారూ, పొద్దున తిన్నంక. అది ఏస్కుంటేనే చేతులు ఆడుతయ్. లేకుంటే సూదిల దారం కూడ ఎక్కియ్యలేను."

ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్, రోజుకు 10 మి.గ్రా., అప్పటికి 26 నెలలుగా. చీటీ మీద అది రాసుకున్నాను కూడా. రాసుకుని, ఒక కాల్షియం గోలీ, ఒక విటమిన్ డి3 పొడి రాసి, "ఎముకలు కొంచెం పలచబడ్డాయి, టెన్షన్ పడేంత ఏం లేదు" అని పంపించేశాను. ఎత్తు కొలవలేదు. వెన్నెముకకు పక్క నుంచి ఎక్స్‌రే తీయించలేదు. వేరే గోలీలు ఏమైనా ఉన్నాయా అని రెండోసారి అడగలేదు. ఓపీ ఎక్కువగా ఉన్న రోజే, నిజమే. అయినా గోడకు నిలబెట్టి ఎత్తు చూడటానికి నిమిషం పట్టదు.

ఐదు నెలల తర్వాత

జనవరిలో కొడుకు, కోడలు కలిసి తీసుకొచ్చారు. బోరింగు దగ్గర బిందె ఎత్తుతుంటే నడుములో ఏదో కటుక్కుమందట. అది జరిగి అప్పటికి తొమ్మిది రోజులు. అన్నాళ్ళు ఎందుకు ఆగారంటే, నొప్పి ఓర్చుకునేంతే ఉంది, పని నడిచిపోయింది. స్టెరాయిడ్ వాడేవాళ్ళలో ఇది మామూలే. ఆ మందు నొప్పిని కూడా కొంత అణిచి ఉంచుతుంది. వెన్నుపూస కుంగినా చాలామందికి అది ఫ్రాక్చర్ అనే అనిపించదు, పట్టేసింది అనుకుని జండూబామ్ రాసుకుంటారు.

పక్క ఎక్స్‌రేలో డి12 పూస (ఛాతీ వెనక పూసల్లో చివరిది) ముందు భాగం మూడో వంతు దాకా కుంగి ఉంది. దాని కింద ఎల్1 (నడుము పూసల్లో మొదటిది) కూడా అప్పడంలా కాకపోయినా, ముందుకు నొక్కుకుపోయి ఉంది. ఎమ్మారైలో డి12 లోపల నీరు చేరి కనిపించింది, అంటే కొత్త దెబ్బ. ఎల్1లో అదేమీ లేదు. ఆ పూస విరిగి చాలాకాలమైంది.

అప్పుడు ఆగస్టు నాటి స్కాన్ బొమ్మ మళ్ళీ తీసి చూశాను. పూసపూసకూ విడిగా అంకెలు ఉంటాయి, మనం చూడం, చివర ఉన్న సగటు చూసి పేజీ తిప్పేస్తాం. ఎల్1 టీ-స్కోరు మైనస్ 0.7. దాని కింద ఉన్న మూడు పూసలు కలిపి మైనస్ 2.2. పక్కపక్క పూసల మధ్య అంత తేడా ఉండకూడదు. ఎల్1 గట్టిగా ఉండి ఆ అంకె రాలేదు. కుంగిపోయిన పూసలో ఉన్న ఖనిజం అంతే ఉంటుంది, అది పరుచుకున్న చోటు తగ్గుతుంది. డెక్సా యంత్రం ఖనిజాన్ని వైశాల్యంతో భాగిస్తుంది, కాబట్టి విరిగిన పూస ఎక్కువ సాంద్రత చూపిస్తుంది. అంటే ఆగస్టులో ఆమె నా ముందు కూర్చున్నప్పటికే ఒక పూస విరిగి ఉంది, ఆ విరిగిన పూసే సగటును పైకి లాగి నన్ను నమ్మించింది.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది. ఎల్1ని తీసేసి సరిచేసిన అంకె కూడా మైనస్ 2.2 మాత్రమే. అదీ ఆస్టియోపోరోసిస్ గీత దాటలేదు. రెండు పూసలు విరిగిన మనిషికి కాగితం మీద ఇంకా "ఆస్టియోపీనియా"నే.

ఎత్తు కొలిస్తే 149 సెం.మీ. పాత ఎత్తు ఆమెకు తెలియదు, మన దగ్గర ఎవరికి తెలుసు గనుక. అలాంటప్పుడు రెండు చేతులు బార చాపించి కొలుస్తాను, వయసులో ఉన్నప్పటి ఎత్తుకు అది దగ్గరగా ఉంటుంది. 154 వచ్చింది. ఐదు సెంటీమీటర్లు ఎటు పోయినట్టు అని నేను కోడలితో అంటుంటే, పేషెంటే మధ్యలో అందుకుంది:

"ఏడాది సంది నా జాకెట్లకు ఎనక పొడుగు పెంచి కోస్తున్న సారూ. ముందర ముడతలు పడ్తున్నయ్, ఎనక చాలుతలేదు. చీర గూడ ఇంకో మడత లోపలికి దోపాల్సొస్తుంది. ఒళ్ళు చేసిన గదా, అందుకే అనుకున్న."

వెన్ను ముందుకు వంగితే వీపు పొడుగవుతుంది, ఛాతీ కింద భాగం కురచవుతుంది. మేము కైఫోసిస్ అని పేరు పెట్టిన దాన్ని ఆమె అర అంగుళం గుడ్డతో ఏడాది ముందే కొలిచింది. నేనే అడగలేదు.

ఒళ్ళు చేయడం గురించి కూడా ఒక మాట. ముఖం గుండ్రంగా నిండింది, మెడ వెనక కండ పెరిగింది, కాళ్ళూ చేతులూ మాత్రం సన్నబడ్డాయి. మోచేతుల దగ్గర చర్మం పలచబడి, ఎక్కడ తగిలితే అక్కడ నల్లగా కమిలి ఉంది. గొంతుక్కూర్చుంటే చేత్తో పట్టుకోకుండా లేవలేకపోయింది. ఊళ్ళో అందరూ "మందులు బాగా పట్టినయ్, కళ వచ్చింది" అన్నారట.

కవరులో ఉన్న గోలీలు

"ఇంట్లో ఉన్న గోలీలన్నీ, వాడేవీ వాడనివీ, ఒక కవర్లో వేసుకుని రండి" అని కొడుకుతో చెప్పాను. స్టెరాయిడ్ కేసుల్లో నాకు ఏ రక్తపరీక్ష కంటే ఈ కవరే ఎక్కువ చెబుతుంది.

మొదటిది, ప్రెడ్నిసలోన్ చీటీ. మొదట రాసిన చోట దాన్ని మూడు నెలలకే రాశారు. కీళ్ళవాతానికి అసలు మందు మెథోట్రెక్సేట్ పనిచేయడానికి రెండు మూడు నెలలు పడుతుంది, అప్పటిదాకా ఊపిరి పోసుకోవడానికి స్టెరాయిడ్. అదే చీటీ మడతలు చిరిగిపోయేదాకా మందుల షాపులో చూపించి రెండున్నరేళ్ళు కొన్నారు. రెండోది, ఆ మెథోట్రెక్సేట్ స్ట్రిప్పు. ముప్పాతిక వంతు అలాగే ఉంది. వారానికోసారి వేసుకునే ఆ గోలీకి వాంతి వచ్చినట్టు ఉండటంతో మూడో నెలలోనే మానేసింది. తేలిక చేసే గోలీ నిలిచింది, రోగాన్ని ఆపే గోలీ పోయింది. ఆమె తర్కంలో తప్పు లేదు, ఏది వేసుకుంటే చేతులు ఆడాయో అదే వేసుకుంది.

మూడోది కాగితం పొట్లం. నొప్పులు ఎక్కువైన రోజుల్లో ఊళ్ళో ఇప్పించుకునేది. పేర్లు లేని విడి గోలీలు. ఒక్క తెగిన స్ట్రిప్పు ముక్క మీద మాత్రం డెక్సామెథసోన్ 0.5 మి.గ్రా. అని ఉంది, అదీ స్టెరాయిడే. రోజుకు రెండు, నెలలో పది రోజులు, ఏడాదిన్నరగా. 0.75 మి.గ్రా. డెక్సామెథసోన్ అంటే 5 మి.గ్రా. ప్రెడ్నిసలోన్‌తో సమానం. అంటే పొట్లం వేసుకున్న రోజుల్లో ఆమె ఒంట్లోకి పోయింది 10 కాదు, దాదాపు 17 మి.గ్రా. అంతా కూడితే ఆ ముప్ఫై ఒక్క నెలల్లో పది గ్రాములు దాటింది.

నులక మంచం

కొడుకు అడిగిన ప్రశ్న న్యాయమైనది: "స్కాన్‌లో బాగానే ఉందన్నారు కదా సార్, మరెట్లా విరిగింది?"

అతనికి నులక మంచం ఉదాహరణ చెప్పాను. వెన్నుపూస లోపల గట్టి దిమ్మె ఉండదు, అడ్డంగా నిలువుగా అల్లిన సన్నని ఎముక పోగులు ఉంటాయి. నెలసరి ఆగాక ఆ అల్లికలో పోగులు అక్కడక్కడా తెగిపోతాయి. స్టెరాయిడ్‌తో ముఖ్యంగా జరిగేది వేరు, పోగులు సన్నబడతాయి. ఆమెకు రెండూ ఉన్నాయి. మంచాన్ని తూకం వేస్తే ఏమంత తగ్గి ఉండదు. కూర్చుంటేనే తెలుస్తుంది. డెక్సా స్కాన్ తూకం వేసే యంత్రం.

ఇంతకంటే పెద్ద నష్టం మంచం బిగించే మనిషికి జరుగుతుంది. ఎముకలో తవ్వే కణాలు, కట్టే కణాలు ఎప్పుడూ పనిలో ఉంటాయి, వాటిని మేము ఆస్టియోక్లాస్టులు, ఆస్టియోబ్లాస్టులు అంటాం. స్టెరాయిడ్ మొదటి నెలల్లో తవ్వే కణాల ఆయుష్షు పెంచుతుంది, అందుకే తొలి ఏడాదిలోనే ఎముక వేగంగా తగ్గుతుంది. తర్వాత కూడా కట్టే కణాలను పుట్టనివ్వదు, పుట్టినవాటిని తొందరగా చంపుతుంది. ఎముక లోపలే కూర్చుని ఎక్కడ పగులు వచ్చిందో కనిపెట్టి కబురు పంపే ఆస్టియోసైట్లను కూడా చంపుతుంది. కబురు పంపేవాళ్ళు పోతే చిన్న చిన్న పగుళ్ళు మరమ్మతు లేక మిగిలిపోతాయి. సాంద్రత పెద్దగా తగ్గకముందే బలం తగ్గడానికి ఇదొక కారణం. పైగా పేగుల్లో కాల్షియం సరిగా ఎక్కదు, మూత్రంలో ఎక్కువ పోతుంది, తొడ కండరాలు నీరసించి మనిషి తూలి పడటం పెరుగుతుంది.

బ్రిటన్‌లో ఫ్యామిలీ డాక్టర్ల రికార్డుల మీద 2000లో వచ్చిన పెద్ద పరిశీలనలో, రోజుకు 7.5 మి.గ్రా. లేదా అంతకన్నా ఎక్కువ ప్రెడ్నిసలోన్ వాడేవాళ్ళలో వెన్నుపూస ఫ్రాక్చర్లు ఐదు రెట్లు ఎక్కువ. 2.5 కంటే తక్కువ వాడినవాళ్ళలో కూడా ఒకటిన్నర రెట్లు. ఈ ప్రమాదం మొదటి మూడు నుంచి ఆరు నెలల్లోనే పెరుగుతుంది, మందు ఆపాక తగ్గుతుంది కూడా. అందుకే "ఏడాదయ్యాక స్కాన్ చేద్దాం" అనుకోవడం ఆలస్యమే.

సాంద్రత వేరు, బలం వేరు అన్నది మా వైపు డాక్టర్లకు ఒకరు చెప్పాల్సిన పని లేకుండా ఉండాలి. పాత నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్ళు తాగిన ఊళ్ళున్నాయి. ఆ ఎముకలు ఎక్స్‌రేలో సుద్దలా తెల్లగా, దట్టంగా కనిపిస్తాయి, అలాగని గట్టివి కావు. ఒకప్పుడు అమెరికాలో ఆస్టియోపోరోసిస్‌కు ఫ్లోరైడ్‌నే మందుగా ఇచ్చి చూశారు. 1990లో వచ్చిన ఫలితాల్లో నడుము సాంద్రత 35 శాతం పెరిగింది, వెన్నుపూస ఫ్రాక్చర్లు చెప్పుకోదగ్గంత తగ్గలేదు, మిగతా ఎముకల ఫ్రాక్చర్లు పెరిగాయి. ఇదంతా చదివిన వాణ్ణే నేను, అయినా మైనస్ 1.8 చూసి ఊరుకున్నాను.

వేరే కారణాలు

అంతా స్టెరాయిడ్ ఖాతాలో వేసే ముందు తోసిపుచ్చాల్సినవి ఉన్నాయి. మన దేశంలో నడుము పూస దెబ్బతిందంటే మొదట వెన్నెముక టీబీ గుర్తుకు రావాలి, అందులోనూ స్టెరాయిడ్ మీద ఉన్న మనిషికి. ఎమ్మారైలో పూసల మధ్య డిస్కు చెక్కుచెదరలేదు, పక్కన చీము లేదు. హిమోగ్లోబిన్ 10.8, ఈఎస్ఆర్ 64 ఉన్నాయి కాబట్టి మైలోమా (ఎముక మజ్జ క్యాన్సర్) కోసం ప్రొటీన్ ఎలక్ట్రోఫొరెసిస్ అనే పరీక్ష చేయించాను, తేడా లేదు. ముంజేతి ఎక్స్‌రేలో ఫ్లోరోసిస్ గుర్తులు లేవు. క్రియాటినిన్ 0.8. కాల్షియం 8.6. విటమిన్ డి తక్కువ, 12 మాత్రమే, దానికి తగ్గట్టు పారాథైరాయిడ్ హార్మోన్ కాస్త పెరిగి 78. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ మామూలుగానే ఉంది కాబట్టి ఆస్టియోమలేషియా (ఎముక మెత్తబడే జబ్బు) అనిపించలేదు. కొత్తగా షుగర్ బయటపడింది, హెచ్‌బీఏ1సీ 7.1. అదీ ఆ గోలీ పుణ్యమే.

మందులు

ముందుగా కీళ్ళవాతం. అది అదుపులోకి రాకుండా స్టెరాయిడ్ తగ్గదు, పైగా ఆ వాపు కూడా ఎముకను తింటుంది. రుమటాలజిస్టు సలహాతో మెథోట్రెక్సేట్ మళ్ళీ మొదలుపెట్టాం, ఈసారి తక్కువ మోతాదుతో, రాత్రిపూట, ఫోలిక్ యాసిడ్ తోడుగా. వాంతి ఫీలింగ్ భరించగలిగేంతకు దిగింది.

వెన్నుకు బెల్టు కొన్ని వారాలే. నెలల తరబడి కట్టుకుంటే ఉన్న కండరం కూడా పోతుంది. విటమిన్ డి 60,000 యూనిట్ల పొడి వారానికొకటి ఎనిమిది వారాలు. కాల్షియం కొంత గోలీల్లో, కొంత తిండిలో. రోజూ రెండు గ్లాసుల మజ్జిగ తాగుతానంది. మజ్జిగ కంటే పెరుగే తినమన్నాను, నీళ్ళు కలిపే కొద్దీ గ్లాసులో కాల్షియం తగ్గుతుంది. రాగి జావ ఇంట్లో ఎలాగూ ఉంది.

ఎముక మందు దగ్గర ఇంట్లో చర్చ జరిగింది. వారానికొక గోలీగా వాడే అలెండ్రోనేట్ చవక, చాలామందికి అదే రాస్తాను. రెండు పూసలు విరిగిన ఈమెకు మాత్రం టెరిపారటైడ్ మొదలుపెడదామన్నాను. రోజూ పొట్ట మీద 20 మైక్రోగ్రాముల ఇంజెక్షన్. తర్కం తేలికే: స్టెరాయిడ్ ముఖ్యంగా కట్టే పనిని ఆపుతుంది, అలెండ్రోనేట్ తవ్వే పనిని ఆపుతుంది, టెరిపారటైడ్ కట్టేవాళ్ళను లేపుతుంది. స్టెరాయిడ్ వాడే 428 మంది మీద ఈ రెండు మందులనూ పోల్చిన 2007 నాటి ట్రయల్‌లో, పద్దెనిమిది నెలలకు నడుము సాంద్రత టెరిపారటైడ్‌తో 7.2 శాతం, అలెండ్రోనేట్‌తో 3.4 శాతం పెరిగింది. కొత్త వెన్నుపూస ఫ్రాక్చర్లు మొదటిదాంట్లో 0.6 శాతం, రెండోదాంట్లో 6.1 శాతం. నేను నమ్ముకున్నది ఆ చివరి అంకెల జతను. ఖర్చు నెలకు వేలల్లో. కొడుకు ఒక రోజు ఆలోచించుకుని సరేనన్నాడు. కాల్షియం 9.2కు వచ్చాక ఫిబ్రవరిలో మొదలుపెట్టాం. పెన్ను ఫ్రిజ్‌లో ఉండాలి, డీప్ ఫ్రీజర్‌లో కాదు, కరెంటు పోతే తలుపు తీయొద్దు. ఇవన్నీ కోడలు కాగితం మీద రాసుకుంది.

నా రెండో పొరపాటు

మొదట తక్కువ చేసి చెప్పినందుకు మనసులో ఉండి, జనవరిలో స్టెరాయిడ్ గురించి కొంచెం గట్టిగానే చెప్పాను. ఎముకలను గుల్ల చేసేది అదేనని, పొట్లం ముట్టుకోవద్దని. ప్రెడ్నిసలోన్ నెమ్మదిగా తగ్గిస్తూ ఏప్రిల్‌కు 7.5 మి.గ్రా.కు వచ్చాం. మే నెలలో ఆమె మొత్తం ఆపేసింది. గుల్ల చేసే మందు ఎందుకు వేసుకోవాలి?

ఆరో రోజు స్ట్రెచర్ మీద వచ్చింది. రెండు రోజుల వాంతులు, లేస్తే కళ్ళు తిరగడం. బీపీ 84/60, సోడియం 126. ఎండాకాలం కాబట్టి వడదెబ్బ అని దారిలో ఒక బాటిల్ సెలైన్ ఎక్కించి పంపారు. రెండున్నరేళ్ళు బయటి నుంచి స్టెరాయిడ్ అందుతుంటే ఒంట్లోని అడ్రినల్ గ్రంథులు పని మానేస్తాయి, హఠాత్తుగా ఆపితే అవి వెంటనే లేవలేవు. రక్తం తీసి, రిజల్టు కోసం ఆగకుండా హైడ్రోకార్టిసోన్ 100 మి.గ్రా. నరానికి ఇచ్చాం. సాయంత్రానికి లేచి కూర్చుని టీ అడిగింది. ముందే తీసిన రక్తంలో కార్టిసాల్ (అడ్రినల్ గ్రంథులు తయారుచేసే ఒంటి సొంత స్టెరాయిడ్) 1.9 వచ్చింది, చాలా తక్కువ.

అప్పటి నుంచి ప్రతి స్టెరాయిడ్ చీటీ మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాస్తున్నాను: ఈ గోలీ మీ అంతట మీరు ఆపకండి, జ్వరం వస్తే ఆ రోజుల్లో రెట్టింపు, వాంతులై గోలీ నిలవకపోతే ఆస్పత్రికి రండి. ఎముక గురించి చెప్పే మాట, ఆపొద్దనే మాట ఒకే ఊపిరిలో చెప్పాలి. నేను మొదటిది జనవరిలో చెప్పాను, రెండోది మేలో చెప్పాను.

తర్వాత తగ్గింపు చీమ నడక. 5 నుంచి నెలకు 1 మి.గ్రా. చొప్పున. ముందు రోజు గోలీ వేసుకుని 24 గంటలు గడిచాక పొద్దున కార్టిసాల్ చూశాం, ప్రెడ్నిసలోన్ ఒంట్లో ఉంటే టెస్టు దాన్నీ కార్టిసాల్‌గా లెక్కపెట్టే ప్రమాదం ఉంది. ఏడాదికి 6.2 వచ్చింది, ఇంకా ఆగమన్నాం. పదిహేనో నెలకు 11.4, ఆపేశాం.

పద్దెనిమిది నెలలకు

అదే యంత్రం మీద, విరిగిన ఎల్1ని పక్కనపెట్టి కొలిస్తే నడుము సాంద్రత 0.806 నుంచి 0.861కి పెరిగింది, సుమారు 7 శాతం. టీ-స్కోరు మైనస్ 1.7. సరదా ఏమిటంటే మొదటి రోజు నన్ను మోసం చేసిన అంకె ఇంచుమించు అదే. ఈసారి నేను ముందు చూసింది పక్క ఎక్స్‌రే, కొత్తగా విరిగిన పూస లేదు. ఎత్తు అదే 149. చేతులు పట్టుకోకుండా కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడానికి 16 సెకన్లు పట్టింది, మొదట్లో ఒక్కసారి కూడా లేవలేదు. కుంగిన పూసలు లేవవు, వంగిన వీపు అలాగే ఉంది. షుగర్ మందు లేకుండానే దిగింది.

టెరిపారటైడ్ ఆపి ఊరుకుంటే కట్టిందంతా కొన్ని నెలల్లో కరుగుతుంది, దాన్ని నిలబెట్టడానికి, తవ్వే పనిని ఆపే జొలెడ్రోనిక్ యాసిడ్ 5 మి.గ్రా. సెలైన్‌లో ఎక్కించాం. దానికి ముందు పళ్ళు చూపించి, పీకాల్సిన దంతం ఒకటి పీకించాం. ఆ రాత్రి చలిజ్వరం వచ్చింది, వస్తుందని ఈసారి ముందే చెప్పాను. రెండో డోసు ఏడాదికి, క్రియాటినిన్ చూసుకుని.

పోయిన నెల చెకప్‌కు ఒక్కతే రాలేదు, పక్కింటావిడను వెంట పెట్టుకొచ్చింది. ఆయాసానికి నాలుగేళ్ళుగా గోలీలు వాడుతున్న మనిషి. సంచిలోంచి కొలతల పుస్తకం తీసి నా బల్ల మీద పెట్టింది. మూడేళ్ళ కిందటి పేజీలో ఒక అంకె, మొన్నటి పేజీలో ఇంకో అంకె. వెనక పొడుగు ముప్పాతిక అంగుళం తేడా.

"ఈమెకు ఫోటో తీపియ్యి సారూ, పక్క నుంచి" అంది.

తీయించాను. డి8, డి11.